సీటీ వాల్యూమ్‌లో హెచ్‌యూ రేంజ్ ఎలా సర్దుకోవాలి: లోడ్ చేసిన దగ్గర్నుంచి సేవ్ చేసేదాకా

డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ళిచ్చిన సీడీ కావచ్చు, నెట్‌లో ఫ్రీగా దొరికే డేటాసెట్ కావచ్చు, సీటీ ఓపెన్ చేయగానే అందరం చేసే మొదటి పని బొమ్మ నల్లగా ఉందనో తెల్లగా మాడిపోయిందనో మౌస్ పట్టుకుని అటూ ఇటూ లాగడమే. అందులో తప్పేం లేదు, కానీ అలా లాగితే ఫైల్‌లో ఉన్న నంబర్లు మారతాయా, లేక కనబడే తీరు మాత్రమే మారుతుందా అన్నది చాలామందికి క్లియర్‌గా ఉండదు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఎవరైనా "రేంజ్ అడ్జస్ట్ చేశా" అంటే అది మూడు పనుల్లో ఏదైనా కావచ్చు (రేంజ్ అంటే ఇక్కడ హెచ్‌యూ రేంజ్, సీటీలో ఒక్కో చుక్కకి ఉండే నంబర్‌ని హెచ్‌యూలో కొలుస్తారు, వివరం కింద ఉంది). ఏ వాల్యూ నుంచి ఏ వాల్యూ దాకా గ్రే షేడ్స్ పంచాలో స్క్రీన్‌కి చెప్పడం ఒకటి, దీన్ని విండోయింగ్ అంటారు. ఫలానా రేంజ్‌లో ఉన్న వోక్సెల్స్‌ని (త్రీడీ బొమ్మలో పిక్సెల్ లాంటి చిన్న చిన్న డబ్బాలు) మాత్రమే ఏరుకోవడం రెండోది, అది త్రెషోల్డ్. నంబర్లనే కత్తిరించి, సాగదీసి కొత్త ఫైల్ రాయడం మూడోది, దాన్ని క్లాంప్ అనీ రీస్కేల్ అనీ అంటారు. మొదటిది రోజంతా చేసినా డేటాకి ఏం కాదు, మూడోది ఒక్కసారి చేసి పాత ఫైల్ మీదే సేవ్ కొట్టారంటే ఇక వెనక్కి రాదు.

ఇక్కడ చెప్పేదంతా త్రీడీ స్లైసర్ అనే మెడికల్ ఇమేజ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చెప్తున్నా, ఎందుకంటే అది ఫ్రీ, విండోస్, మ్యాక్, లైనక్స్ అన్నిట్లో నడుస్తుంది. మధ్యమధ్యలో పైథాన్ వాళ్ళ కోసం కూడా నాలుగు మాటలుంటాయి. ఒకటి ముందే చెప్పేస్తా, ఇది డేటాతో పని చేసేవాళ్ళ కోసం, రిపోర్ట్ మాత్రం రేడియాలజిస్టే చదవాలి, మన స్క్రీన్ మీద ఏదో తెల్లగా కనబడిందని ఇంట్లోవాళ్ళని కంగారు పెట్టొద్దు.

ఈ నంబర్లు అసలేంటి

సీటీలో ఒక్కో వోక్సెల్‌కి ఒక నంబర్ ఉంటుంది, ఆ చోట ఎక్స్‌రే ఎంత బలహీనపడిందో చెప్పే నంబర్ అది. నేరుగా అటెన్యుయేషన్ కోఎఫిషియెంట్ రాస్తే దశాంశాలతో తలనొప్పి కాబట్టి, నీళ్ళని సున్నాగా, గాలిని మైనస్ 1000గా పెట్టి మిగతావన్నీ ఆ రెండిటితో పోల్చి రాస్తారు. అదే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్, షార్ట్‌గా హెచ్‌యూ. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఈఎంఐ కంపెనీ ఇంజనీరు, ఆయన మెషిన్ మీద మొదటి పేషెంట్ స్కాన్ 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ హాస్పిటల్లో జరిగింది, 1979లో అలన్ కార్మాక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. మొదట్లో ఆయన స్కేల్‌లో గాలి మైనస్ 500 ఉండేది, తర్వాత రెట్టింపు చేసి 1000 చేశారు.

గుర్తుంచుకోవాల్సిన వాల్యూలు కొన్నే. ఊపిరితిత్తులు సుమారు మైనస్ 900 నుంచి మైనస్ 500, కొవ్వు మైనస్ 100 దగ్గర్లో, మెదడు చుట్టూ ఉండే ద్రవం 0 నుంచి 15, మెదడులో వైట్ మ్యాటర్ 20 నుంచి 30, గ్రే మ్యాటర్ 37 నుంచి 41 దాకా, కండ 50కి అటూ ఇటూ, కాంట్రాస్ట్ (రక్తనాళాలు తెల్లగా కనబడేందుకు ఎక్కించే అయోడిన్ మందు) ఇవ్వని లివర్ 55-60, కొత్తగా గడ్డకట్టిన రక్తం 50 నుంచి 80 పైచిలుకు, మెత్తటి ఎముక వందల్లో, గట్టి ఎముక 1000 దాటి, ఇంప్లాంట్ లోహాలు 3000 పైన. ఈ లిస్టులో చూడాల్సింది ఏంటంటే, శరీరంలో డాక్టర్లకి ముఖ్యమైన తేడాల్లో సగానికి పైగా 0 నుంచి 100 లోపే ఇరుక్కుని ఉన్నాయి, స్కేల్ ఏమో మైనస్ 1024 నుంచి 3071 దాకా, అంటే 4096 మెట్లు. అందుకే రేంజ్ సర్దుకోవడం తప్పదు.

స్టెప్ 1: సరైన సిరీస్ ఎంచుకుని లోడ్ చేయడం

స్లైసర్‌లో డైకామ్ (స్కాన్ ఫైళ్ళ స్టాండర్డ్ ఫార్మాట్) మాడ్యూల్‌కి వెళ్ళి ఫోల్డర్ ఇంపోర్ట్ చేస్తే ఒకే స్కాన్ కింద నాలుగైదు సిరీస్‌లు కనబడతాయి, ఒకటి స్కౌట్ ఫోటో, ఒకటి డోస్ రిపోర్ట్, ఒకటి 5 మిల్లీమీటర్ల మందం స్లైసులు, ఒకటి 1 మిల్లీమీటర్ దగ్గర్లో సన్నవి, మళ్ళీ అదే స్కాన్ బోన్ కెర్నల్‌తో (కెర్నల్ అంటే బొమ్మని పదునుగానో మెత్తగానో తయారుచేసే ఫిల్టర్) ఇంకోటి. మీ పని త్రీడీ అయితే సన్న స్లైసులున్నదే తీస్కోండి. కెర్నల్ విషయంలో మాత్రం జాగ్రత్త, బోన్ కెర్నల్ లేదా షార్ప్ కెర్నల్ బొమ్మ అంచులు నీట్‌గా ఉన్నట్టు కనబడతాయి గానీ నాయిస్ బాగా ఎక్కువ, పైగా అంచుల దగ్గర వాల్యూలు నిజం కంటే పైకి కిందికి దూకుతాయి, కాబట్టి త్రెషోల్డ్ చేయాలన్నా వాల్యూలు కొలవాలన్నా సాఫ్ట్ కెర్నల్ సిరీసే బెటర్.

చేతిలో స్కాన్ ఏదీ లేకపోతే శాంపిల్ డేటా మాడ్యూల్‌లో సీటీ చెస్ట్ అని ఒకటుంది, అది నొక్కితే డౌన్‌లోడై లోడైపోతుంది, ప్రాక్టీస్‌కి చక్కగా సరిపోతుంది.

ఇంకోటి, వాట్సాప్‌లో వచ్చిన జేపీజీ ఫోటోలతో ఈ పని అవ్వదు. జేపీజీ చేసినప్పుడే ఎవరో ఒక విండో పెట్టేసి 256 షేడ్స్‌కి కుదించేశారు, బయట ఉన్నదంతా పోయింది, ఎంత లాగినా పోయినది రాదు. డైకామ్ ఫైళ్ళే అడిగి తెచ్చుకోవాలి.

స్టెప్ 2: ఆ నంబర్ నిజంగా హెచ్‌యూనా?

ఎక్కువమంది దూకేసే స్టెప్ ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. ఇక్కడ తేడా ఉంటే తర్వాత పెట్టే ప్రతి విండో, ప్రతి త్రెషోల్డ్ తప్పే.

డైకామ్ ఫైల్ లోపల పిక్సెల్ దగ్గర రాసి ఉన్న నంబర్ హెచ్‌యూ కానక్కర్లేదు. దాన్ని రీస్కేల్ స్లోప్‌తో గుణించి రీస్కేల్ ఇంటర్‌సెప్ట్ కలిపితే హెచ్‌యూ వస్తుంది. ఇంటర్‌సెప్ట్ ట్యాగ్ 0028,1052, స్లోప్ ట్యాగ్ 0028,1053. మామూలుగా స్లోప్ 1, ఇంటర్‌సెప్ట్ మైనస్ 1024 ఉంటుంది, అంటే ఫైల్‌లో 1064 అని ఉంటే అది 40 హెచ్‌యూ. కానీ అన్ని మెషిన్లూ ఇంతే అనుకోకండి, సీమెన్స్ ఎక్స్‌టెండెడ్ స్కేల్‌లో స్లోప్ 10, ఇంటర్‌సెప్ట్ మైనస్ 10240 వస్తుంది, లోహం ఉన్న పేషెంట్లకి 30710 దాకా వాల్యూలు పట్టడానికి అలా చేస్తారు. మైనస్ 1024 అని కోడ్‌లో గుడ్డిగా రాసేసిన వాళ్ళందరికీ ఇలాంటి స్కాన్ వచ్చిన రోజే పండగ.

స్లైసర్ ఈ లెక్క తనే చేసుకుంటుంది. పైథాన్‌లో సింపుల్‌ఐటీకేతో సిరీస్ చదివినా అదే చేసి పెడుతుంది. పైడైకామ్ మాత్రం చేయదు, పిక్సెల్ అర్రే అడిగితే ముడి నంబర్లే చేతిలో పెడుతుంది, మోడాలిటీ లట్ (ఇదే స్లోప్-ఇంటర్‌సెప్ట్ లెక్క) అప్లై చేసే ఫంక్షన్ మీరే పిలవాలి. నిఫ్టీ (ఇంకో త్రీడీ ఇమేజ్ ఫార్మాట్) ఫైల్‌ని నిబాబెల్ అనే పైథాన్ లైబ్రరీలో గెట్ ఎఫ్‌డేటాతో చదివితే హెడర్‌లో ఉన్న స్లోప్ అప్లై అయ్యే వస్తుంది. అందుకని ఎవరు లెక్క చేశారో తెలియక రెండుసార్లు చేయడం, లేదా అసలు చేయకపోవడం, రెండూ జరుగుతుంటాయి.

చెక్ చేయడం చాలా ఈజీ. స్లైసర్‌లో ఎడమ చేతి వైపు కింద డేటా ప్రోబ్ ఉంటుంది, మౌస్ ఎక్కడ పెడితే అక్కడి వాల్యూ చూపిస్తుంది. శ్వాసనాళం లోపలి గాలి మీద పెట్టండి, మైనస్ 1000కి దగ్గర్లో రావాలి. చర్మం కింద కొవ్వు మీద పెట్టండి, మైనస్ 100 దగ్గర్లో రావాలి. కండ మీద 50 దగ్గర్లో. ఒక్క వోక్సెల్ చూసి డిసైడ్ అవ్వొద్దు, నాయిస్ వల్ల పక్కపక్క వోక్సెల్స్‌కే ఇరవై ముప్పై తేడా ఉంటుంది, నాలుగు చోట్ల చూడండి. గాలి 0 నుంచి 24 మధ్య, కండ 1000 పైన వస్తుంటే స్లోప్-ఇంటర్‌సెప్ట్ అప్లై అవ్వలేదని అర్థం. గాలి మైనస్ 2000 దగ్గర, కండ మైనస్ 970 దగ్గర వస్తుంటే రెండుసార్లు అప్లై అయింది. గాలి 64536 లాంటి వింత నంబర్ వస్తే అన్‌సైన్డ్ 16 బిట్ టైప్‌లోనే తీసివేత చేసేశారు, 24లోంచి 1024 తీస్తే మైనస్ 1000 రావాలి, అన్‌సైన్డ్‌కి మైనస్ తెలియదు కాబట్టి చుట్టూ తిరిగి అటువైపు తేలింది. తీసే ముందే సైన్డ్ 16కి గానీ ఫ్లోట్‌కి గానీ మార్చుకుంటే ఈ బాధ లేదు.

పళ్ళ డాక్టర్ల దగ్గర తీసే కోన్ బీమ్ సీటీ వేరే కథ. వాటిలో నంబర్లు హెచ్‌యూ లాగే కనబడతాయి గానీ నమ్మకంగా క్యాలిబ్రేట్ అయి ఉండవు, ఒకే దవడలో ఒక చోట ఒకలా ఇంకో చోట ఇంకోలా ఉంటాయి, పుస్తకం వాల్యూలు పెట్టి ఎముక రాలేదేంటి అని అడగొద్దు, కంటితో చూసి పెట్టుకోవడమే. మైక్రో సీటీ, ఇండస్ట్రియల్ సీటీ డేటా అయితే మామూలుగా 0 నుంచి 65535 గ్రే వాల్యూలే ఉంటాయి. అదే సెట్టింగ్స్‌తో నీళ్ళ ట్యూబు కూడా స్కాన్ చేసి ఉంటే మీరే హెచ్‌యూకి మార్చుకోవచ్చు. వోక్సెల్ గ్రే లోంచి గాలి గ్రే తీసేయండి, దాన్ని నీళ్ళ గ్రేకీ గాలి గ్రేకీ ఉన్న తేడాతో భాగించి 1000తో గుణించి, చివర్లో 1000 తీసేయండి. ఉదాహరణకి గాలి 5200, నీళ్ళు 14200 వచ్చాయనుకుందాం, అప్పుడు 23200 గ్రే ఉన్న వోక్సెల్ 1000 హెచ్‌యూ అన్నమాట.

స్టెప్ 3: హిస్టోగ్రామ్, ఆ మైనస్ 3024 గోల

వాల్యూమ్స్ మాడ్యూల్‌లో వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే స్కేలార్ రేంజ్ అని మొత్తం డేటాలో కనిష్టం గరిష్టం ఉంటాయి. కనిష్టం మైనస్ 1024, గరిష్టం 3071 అయితే మామూలు 12 బిట్ స్కాన్. గరిష్టం సరిగ్గా 3071 దగ్గర ఆగిపోయి, లోహం లోపలంతా అదే నంబర్ ఉంటే అక్కడ స్కేల్ నిండిపోయిందని అర్థం, లోహం అసలు వాల్యూ ఎంతో ఆ ఫైల్‌లో లేదు.

కనిష్టం మైనస్ 3024 అని కనిపిస్తే కంగారు అక్కర్లేదు. కొన్ని స్కానర్లు గుండ్రటి స్కాన్ ఏరియా బయట ఉన్న మూలల్లో మైనస్ 2000 నింపి పెడతాయి, దానికి ఇంటర్‌సెప్ట్ మైనస్ 1024 కలిసి మైనస్ 3024 అయింది, అంతే. ఈ నింపుడు వాల్యూ ఏంటో పిక్సెల్ ప్యాడింగ్ వాల్యూ ట్యాగ్‌లో, అంటే 0028,0120లో రాసి ఉండొచ్చు. ఇది శరీరం కాదు, గాలి కూడా కాదు, వట్టి ఫిల్లింగ్, దీన్ని గాలి వాల్యూకి మార్చేయడం సేఫ్, మార్చకపోతేనే తర్వాత మిన్-మ్యాక్స్ లెక్కలన్నీ చెడిపోతాయి.

హిస్టోగ్రామ్ (ఏ వాల్యూ ఎన్ని వోక్సెల్స్‌కి ఉందో చూపే గ్రాఫ్) చూస్తే ఛాతీ స్కాన్‌లో గుట్టలు గుట్టలుగా ఉంటుంది, బయటి గాలిది మైనస్ 1000 దగ్గర పెద్ద గుట్ట, ఊపిరితిత్తులది మైనస్ 850 ప్రాంతంలో, కొవ్వుది మైనస్ 100 దగ్గర, మెత్తటి కణజాలానిది 40-50 దగ్గర. ఆ కొవ్వు గుట్ట, కండ గుట్ట పక్కపక్కనే రెండు మూపురాల్లా కనబడితే క్యాలిబ్రేషన్ బానే ఉన్నట్టు.

స్టెప్ 4: విండో, లెవెల్

ఇప్పుడు ధైర్యంగా లాగొచ్చు. విండో అంటే వెడల్పు, లెవెల్ అంటే మధ్య బిందువు. విండో 400, లెవెల్ 40 అంటే మైనస్ 160 కింద అంతా నలుపు, 240 పైన అంతా తెలుపు, మధ్యలో గ్రే. చిన్న సూక్ష్మం ఏంటంటే డైకామ్ స్టాండర్డ్‌లో ఉన్న మామూలు లీనియర్ ఫార్ములా సెంటర్‌లోంచి అర, వెడల్పులోంచి ఒకటి తగ్గించి లెక్కేస్తుంది, అందుకే మీ కోడ్ అవుట్‌పుట్‌కీ వ్యూయర్ అవుట్‌పుట్‌కీ ఒక షేడ్ తేడా వస్తే అది బగ్ కాకపోవచ్చు.

స్లైసర్‌లో టూల్‌బార్ మీద విండో లెవెల్ ఐకాన్ నొక్కి స్లైస్ మీద మౌస్ అడ్డంగా లాగితే విండో, నిలువుగా లాగితే లెవెల్ మారుతుంది. కంట్రోల్ పట్టుకుని ఒక ఏరియా గీస్తే ఆ ఏరియాకి సరిపడా విండో తనే పెట్టుకుంటుంది, లివర్ లాంటి చోట ఇది భలే పనికొస్తుంది. నంబర్ కొట్టి పెట్టాలంటే వాల్యూమ్స్ మాడ్యూల్ డిస్‌ప్లే సెక్షన్లో పెట్టొచ్చు, అక్కడే బోన్, లంగ్, బ్రెయిన్, అబ్డామెన్ ప్రీసెట్ బటన్లు కూడా ఉంటాయి.

నేను మొదలుపెట్టే నంబర్లు ఇవి. ఊపిరితిత్తులకి విండో 1500, లెవెల్ మైనస్ 600. పొట్ట, ఛాతీ మధ్యభాగం 400, 40. లివర్ ఒక్కటే చూడాలంటే విండో 150, లెవెల్ 60 లోపు. మెదడు 80, 40. స్ట్రోక్ అనుమానం ఉన్న చోట ఇంకా ఇరుకుగా 40, 40. పుర్రె లోపలి అంచు వెంబడి సన్నగా రక్తం చూడాలంటే 200, 80, ఎందుకంటే మామూలు బ్రెయిన్ విండోలో రక్తమూ తెలుపే ఎముకా తెలుపే, రెండూ అతుక్కుపోయి రక్తం మాయమైపోతుంది. ఎముక 2000, 500. కాంట్రాస్ట్ ఇచ్చిన రక్తనాళాలు 600, 200.

ఒకే విండోలో అన్నీ చూడాలని విండో 4000 పెట్టేవాళ్ళున్నారు. లెక్క చూడండి, 4096 మెట్లని 256 షేడ్స్‌కి పంచితే ఒక్కో షేడ్‌కి 16 హెచ్‌యూ. గ్రే మ్యాటర్‌కీ వైట్ మ్యాటర్‌కీ ఉన్న తేడా పది పదిహేను, అంటే రెండూ ఒకే షేడ్‌లో పడిపోవచ్చు, లేదా పక్క షేడ్‌లో పడినా కంటికి ఆనదు. అదే విండో 80 పెడితే ఒక్కో షేడ్‌కి సుమారు 0.3 హెచ్‌యూ, అప్పుడు మెదడు విడివిడిగా కనబడుతుంది, ఎముక అంతా తెల్లగా పోతుంది, పోనీయండి, ఎముకకి ఇంకో విండో ఉంది.

స్లైసర్ ఆటో విండో మీద ఆధారపడొద్దు అని కూడా చెప్తా. ఒక్క పళ్ళ క్యాప్ ఉన్నా, ఆ మైనస్ 3024 మూలలున్నా ఆటో లెక్క అటు లాక్కుపోవచ్చు.

స్టెప్ 5: త్రీడీలో అదే పని

వాల్యూమ్ రెండరింగ్ మాడ్యూల్‌లో కన్ను గుర్తు నొక్కితే త్రీడీ బొమ్మ వస్తుంది, మొదట ప్రీసెట్ పెట్టండి, సీటీ బోన్, సీటీ లంగ్, ఇలా చాలా ఉన్నాయి. ఇక్కడ విండో బదులు ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ ఉంటుంది, ఏ హెచ్‌యూకి ఎంత పారదర్శకం, ఏ రంగు అని చెప్పే గ్రాఫ్. కొత్తవాళ్ళు ఆ గ్రాఫ్ పాయింట్లు ఒక్కొక్కటీ లాగుతూ కూర్చుంటారు, అది వదిలేసి ముందు షిఫ్ట్ స్లైడర్ కదపండి, మొత్తం గ్రాఫ్ ఒకేసారి ఎడమకో కుడికో జరుగుతుంది, చర్మం, కండ, ఎముక పొరలు పొరలుగా ఊడుతూ కనబడతాయి. తొంభై శాతం పని దాంతోనే అయిపోతుంది. మిగిలింది అడ్వాన్స్‌డ్‌లో ఒపాసిటీ గ్రాఫ్ మీద సవరించుకోవచ్చు, అక్కడ గ్రాఫ్ నిటారుగా లేస్తే అంచు గట్టిగా, నెమ్మదిగా లేస్తే అంచు మెత్తగా కనబడుతుంది.

కింద స్కానర్ టేబుల్ కూడా కనబడి విసిగిస్తుంది. దాన్ని రేంజ్‌తో తీసేయాలని చూడకండి, టేబుల్ పదార్థం హెచ్‌యూ శరీరం హెచ్‌యూలతో కలిసిపోతుంది, రేంజ్ ఎంత సర్దినా టేబుల్‌తో పాటు మనిషిలో ముక్క కూడా పోతుంది. క్రాప్ బాక్స్ ఆన్ చేసి కింద నుంచి కోసేయండి, లేదా సెగ్మెంట్ చేసి (ఆ భాగాన్ని విడిగా గుర్తించి) తీసేయండి.

స్టెప్ 6: త్రెషోల్డ్‌తో ఏరుకోవడం

సెగ్మెంట్ ఎడిటర్‌లో కొత్త సెగ్మెంట్ కలిపి త్రెషోల్డ్ తీస్కోండి, కింది హద్దు పై హద్దు పెడితే ఆ రేంజ్ మిణుకుమిణుకుమంటూ కనబడుతుంది. ఎముకకి 226 అన్న నంబర్ చాలా చోట్ల కనబడుతుంది, మిమిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎముక ప్రీసెట్ 226 నుంచి మొదలవుతుంది కాబట్టి అందరికీ అలవాటైపోయింది. మంచి స్టార్టింగ్ పాయింటే, కానీ కాంట్రాస్ట్ ఇచ్చిన స్కాన్‌లో బృహద్ధమని 300 దాటుతుంది, అప్పుడు ఎముకతో పాటు రక్తనాళాలన్నీ లేచి కూర్చుంటాయి. హద్దు పెంచితే సన్నటి ఎముకలకి చిల్లులు పడతాయి, కంటి గూడు వెనకున్న ఎముకైతే పూర్తిగా మాయమే. ఈ రెండిటి మధ్య పర్ఫెక్ట్ నంబర్ అంటూ లేదు, కాస్త తక్కువ హద్దు పెట్టి అనవసరమైనవి చేత్తో తీసేయడమే మంచిది, లేని ఎముకని గీయడం కంటే ఎక్కువ వచ్చినదాన్ని చెరపడం తేలిక.

కొవ్వుకి మైనస్ 190 నుంచి మైనస్ 30, కండకి మైనస్ 29 నుంచి 150 అని బాడీ కాంపోజిషన్ పేపర్లలో వాడతారు. ఆ కొవ్వు రేంజ్ పెట్టి చూడండి, ఊపిరితిత్తుల చుట్టూ, పేగుల్లో గ్యాస్ చుట్టూ, చర్మం బయట సన్నటి పొరలా కొవ్వు కనబడుతుంది. అక్కడ కొవ్వేం లేదు. ఒకే వోక్సెల్‌లో కాస్త గాలి, కాస్త కండ పడితే సగటు తీసినప్పుడు వచ్చే నంబర్ మైనస్ 1000కీ 50కీ మధ్య ఎక్కడైనా తేలొచ్చు, కొన్ని చోట్ల అది సరిగ్గా మైనస్ 100 దగ్గర తేలుతుంది. పార్షియల్ వాల్యూమ్ అంటే ఇదే. రేంజ్ మార్చి దీన్ని తప్పించలేం, ఐలాండ్స్ ఎఫెక్ట్‌తో చిన్న ముక్కలు తీసేయడం, స్మూతింగ్, లేదా ముందే ఊపిరితిత్తుల్ని వేరే సెగ్మెంట్ చేసి ఒకట్రెండు వోక్సెల్స్ ఉబ్బించి అంతమేర మినహాయించడం, ఇవే దారులు.

త్రెషోల్డ్‌లో యూజ్ ఫర్ మాస్కింగ్ అన్న బటన్ ఉంటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు, నాకైతే సెగ్మెంట్ ఎడిటర్ మొత్తంలో అదే ఎక్కువ పనికొచ్చే బటన్. నొక్కితే ఆ రేంజ్‌లో ఉన్న వోక్సెల్స్ మీద మాత్రమే బ్రష్ పని చేస్తుంది, ఎముక దగ్గర నిర్లక్ష్యంగా పెద్ద బ్రష్‌తో పూసేసినా రంగు ఎముకకే అంటుతుంది.

ఇంకో సంగతి, కేవీపీ (ఎక్స్‌రే ట్యూబ్ వోల్టేజ్) చూస్కోండి. 120 కేవీలో తీసిన స్కాన్‌కి పెట్టిన త్రెషోల్డ్ 80 కేవీ స్కాన్‌కి సరిపోదు, అయోడిన్ కాంట్రాస్ట్, ఎముక రెండూ తక్కువ కేవీలో ఎక్కువ హెచ్‌యూ చూపిస్తాయి. నీళ్ళు మాత్రం అన్నిట్లో సున్నాయే, క్యాలిబ్రేట్ చేసేదే అలా కాబట్టి.

స్టెప్ 7: నంబర్లనే మార్చడం, అంటే క్లాంప్

ఇక్కడ ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది, అసలు ఎందుకు మారుస్తున్నాను అని. బొమ్మ బాగా కనబడాలి అంటే అవసరం లేదు, స్టెప్ 4కి పోండి. వాల్యూలు కొలవాలి అంటే అసలు ముట్టుకోకూడదు. గుండె నాళాల్లో కాల్షియం స్కోర్ 130 హెచ్‌యూ హద్దు మీద, ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లో గాలి గదులు పాడయ్యే జబ్బు) లెక్క మైనస్ 950 హద్దు మీద నడుస్తాయి, అక్కడ మీరు వాల్యూలు సాగదీసి ఇస్తే వచ్చే రిజల్ట్‌కి అర్థమే ఉండదు. మెషిన్ లెర్నింగ్ మోడల్‌కి ఇవ్వడానికో, ప్యాడింగ్ చెత్త వదిలించడానికో, లోహం వల్ల వచ్చిన అతి వాల్యూలు కుదించడానికో అయితే సరే.

స్లైసర్‌లో సింపుల్ ఫిల్టర్స్ మాడ్యూల్‌లో క్లాంప్ ఇమేజ్ ఫిల్టర్ వెతికి, కింది హద్దు మైనస్ 1024, పై హద్దు మీకు కావాల్సింది పెట్టి, అవుట్‌పుట్ కొత్త వాల్యూమ్‌కి ఇవ్వండి. అవుట్‌పుట్ టైప్ సైన్డ్ 16 బిట్ ఉండేలా చూస్కోండి, అన్‌సైన్డ్ 8 బిట్ పెట్టారంటే మైనస్ వాల్యూలకి అందులో చోటే లేదు.

క్లాంప్‌కీ, అదే లిస్టులో ఉండే త్రెషోల్డ్ ఇమేజ్ ఫిల్టర్‌కీ కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు. క్లాంప్ అయితే హద్దు దాటిన వాల్యూ హద్దు దగ్గర ఆగుతుంది, పై హద్దు 1000 పెడితే 1800 ఉన్న ఎముక 1000 అవుతుంది, ఎముకగానే ఉంటుంది. త్రెషోల్డ్ ఫిల్టర్ అయితే హద్దు దాటినవాటిని అవుట్‌సైడ్ వాల్యూతో మార్చేస్తుంది, అది సున్నా పెట్టి వదిలేస్తే గట్టి ఎముక మధ్యలో నీళ్ళు పోసినట్టు సున్నాలు వచ్చేస్తాయి, గాలి కూడా నీళ్ళైపోతుంది. హెచ్‌యూలో సున్నా అంటే ఖాళీ కాదు.

క్లాంప్ చేస్తే లోహం చుట్టూ వచ్చే చారలు పోతాయా అని అడుగుతుంటారు. పోవు, తెల్ల చారల తీవ్రత తగ్గినట్టు కనబడుతుంది అంతే, చారల వల్ల పక్క కండ వాల్యూలు పాడైంది పాడైనట్టే ఉంటుంది.

స్టెప్ 8: మోడల్ కోసం రీస్కేల్

మోడల్‌కి ఇచ్చేటప్పుడు 0-1కి తేవడం మామూలే, కానీ మొత్తం మిన్-మ్యాక్స్‌తో తేవడం తప్పు పద్ధతి. మైనస్ 3024 నుంచి 3071 దాకా అయితే వెడల్పు 6095, లివర్‌కీ పక్కనున్న గడ్డకీ తేడా 30 హెచ్‌యూ ఉంటే 0-1 స్కేల్‌లో అది 0.005 కూడా ఉండదు. పైగా రేపు వచ్చే స్కాన్‌లో లోహం లేకపోతే మ్యాక్స్ మారి అదే లివర్ ఇంకో నంబర్ అయిపోతుంది. సీటీ గొప్పతనమే నంబర్‌కి అర్థం ఉండటం, దాన్ని మనమే పోగొట్టుకోవడం ఎందుకు? అందుకే ఫిక్స్‌డ్ రేంజ్ పెట్టి ముందు క్లాంప్, తర్వాత స్కేల్. మోనాయ్ (మెడికల్ ఇమేజ్ మోడళ్ళ కోసం పైథాన్ లైబ్రరీ) ట్యుటోరియల్స్‌లో స్ప్లీన్ (ప్లీహం) కోసం మైనస్ 57 నుంచి 164, పొట్ట అవయవాలన్నిటికీ మైనస్ 175 నుంచి 250 వాడారు. ఎన్ఎన్‌యూనెట్ అనే సెగ్మెంటేషన్ టూల్ అయితే ట్రైనింగ్ డేటాలో సెగ్మెంట్ చేసిన భాగాల వాల్యూలు తీసుకుని 0.5, 99.5 పర్సెంటైల్స్ దగ్గర కత్తిరించి, అదే మీన్, స్టాండర్డ్ డీవియేషన్‌తో అన్ని స్కాన్లనీ నార్మలైజ్ చేస్తుంది.

వేరేవాళ్ళు ట్రైన్ చేసిన మోడల్ వాడుతుంటే మీ ఇష్టం వచ్చిన రేంజ్ పెట్టొద్దు, వాళ్ళు ఏ రేంజ్‌తో ట్రైన్ చేశారో అదే పెట్టాలి. చాలా మోడళ్ళు ఈ పని లోపలే చేసుకుంటాయి, మీరు ముందే 0-1 చేసి ఇస్తే మోడల్ కళ్ళకి ఆ మనిషి మొత్తం నీళ్ళతో చేసినట్టు ఉంటాడు.

ఒకే విండో చాలదనిపిస్తే మూడు విండోలు మూడు ఛానెళ్ళుగా ఇవ్వొచ్చు. 2019లో ఆర్ఎస్ఎన్ఏ (అమెరికాలోని రేడియాలజీ సంఘం) బ్రెయిన్ హెమరేజ్ పోటీ కాగిల్ అనే డేటా పోటీల సైట్‌లో జరిగినప్పుడు చాలా టీములు బ్రెయిన్, సబ్‌డ్యూరల్, సాఫ్ట్ టిష్యూ విండోలని అలా రంగుల్లా పేర్చి ఇచ్చాయి.

ఆర్డర్ ఏంటి, సేవ్ ఎలా

రీశాంప్లింగ్ (వోక్సెల్ సైజు మార్చడం) కూడా చేయాల్సి ఉంటే ముందు హెచ్‌యూ సరిచూసి, ప్యాడింగ్ సరిచేసి, తర్వాత రీశాంపుల్, ఆ తర్వాత క్లాంప్, చివర్లో స్కేల్. ప్యాడింగ్ ముందే సరిచేయకపోతే మైనస్ 3024 పక్కనున్న గాలితో కలిసి మైనస్ 1800, మైనస్ 2300 లాంటి వాల్యూలు పుడతాయి. క్లాంప్ తర్వాత ఎందుకంటే, బీ-స్ప్లైన్ లాంటి ఇంటర్‌పోలేషన్ (మధ్య వాల్యూలు లెక్కగట్టడం) ఎముక అంచుల దగ్గర కాస్త పైకీ కిందికీ దూకుతుంది, తర్వాత క్లాంప్ ఉంటే హద్దు దాటినవి సర్దుకుంటాయి. రీశాంపుల్ చేసేటప్పుడు, తిప్పేటప్పుడు డీఫాల్ట్ పిక్సెల్ వాల్యూ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, సింపుల్‌ఐటీకేలో ఏమీ చెప్పకపోతే సున్నా, అంటే తిప్పిన స్కాన్ మూలల్లో నీళ్ళు నింపుతుంది. మైనస్ 1000 లేదా మైనస్ 1024 పెట్టండి. సెగ్మెంట్ లేబుళ్ళు రీశాంపుల్ చేస్తే మాత్రం నియరెస్ట్ నైబర్ (దగ్గరి వోక్సెల్ వాల్యూనే తీసుకునే పద్ధతి) తప్ప ఇంకోటి వాడకూడదు, లేకపోతే లేబుల్ 1కీ లేబుల్ 3కీ మధ్యలో లేబుల్ 2 పుట్టుకొస్తుంది, అది ఏ అవయవమో దేవుడికే తెలియాలి.

అసలు డైకామ్ ఫోల్డర్‌ని ముట్టుకోకుండా మార్చిన వాల్యూమ్‌ని ఎన్ఆర్ఆర్‌డీ గానీ నిఫ్టీ గానీ ఫార్మాట్‌లో వేరే పేరుతో సేవ్ చేయండి, పేరులోనే రేంజ్ రాసేయండి, చెస్ట్ మైనస్ 1024 నుంచి 1000 క్లాంప్, ఇలా. సేవ్ అయ్యాక ఫైల్ మళ్ళీ కొత్తగా లోడ్ చేసి శ్వాసనాళం, కొవ్వు, కండ మీద డేటా ప్రోబ్‌తో ఇంకోసారి చూడండి, క్లాంప్ మాత్రమే చేసి ఉంటే హద్దుల లోపల ఉన్న వాల్యూలు ఒక్కటి కూడా మారి ఉండకూడదు. ఎవరికైనా పంపే ముందు డైకామ్ ట్యాగుల్లో పేషెంట్ పేరు, పుట్టిన తేదీ ఉంటాయని గుర్తుంచుకోండి, ఎన్ఆర్ఆర్‌డీకి మారిస్తే ఆ ట్యాగులు రావు గానీ మీరు ఫైల్‌కి పేషెంట్ పేరే పెట్టి ఉంటే అది అలాగే పోతుంది, పైగా తల స్కాన్ అయితే మైనస్ 300 దగ్గర హద్దు పెట్టి త్రీడీ చేస్తే మొహం మొత్తం కనబడుతుంది, కాబట్టి తల స్కాన్లు పబ్లిక్‌గా పెట్టాలంటే మొహం భాగం తీసేసే పెట్టాలి.